అతుకులో రాగి

పనిచేసే చోట ఆమెను అందరూ చుక్కమ్మ అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని, పాపం ఈవిడకు మందు అలవాటు కాబోలని నాలుగు రోజులు దూరదూరంగా తిరుగుతారు. అసలు సంగతి వేరు. ఆమ్లాన్ని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంచేటప్పుడు ఆమె చుక్కచుక్కా లెక్కపెడుతుంది. పక్కన పిడుగు పడినా ఆ లెక్క తప్పదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పలకదు. లెక్క పూర్తయ్యాక, వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయిన గుమ్మం వైపు తిరిగి "ఆఁ, ఏమన్నారు?" అంటుంది.

ఆ పేరు ఆమెకు ఇష్టమే. ఇష్టం లేనివి వేరే ఉన్నాయి. నలుగురు వాడిన తువ్వాలు, తడిచేత్తో తిప్పి వదిలేసిన తలుపు పిడి, వేలు నాలుకకు రాసుకుని కాగితాలు తిప్పేవాళ్లు, మాట్లాడుతూ మాట్లాడుతూ చెవిలో కలం దూర్చుకునేవాళ్లు. "ఛీ" అనే మాట ఆమె నోట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో ఆమె భర్త ఒక సెలవురోజున లెక్కపెట్టబోయి, మధ్యాహ్నానికే చేతులెత్తేశాడు.

అదేం గొప్పింటి నాజూకుతనం కాదు. ఆమె పుట్టి పెరిగింది తోళ్లు శుద్ధి చేసే కార్ఖానా వెనక సందులో. తండ్రి సున్నపు తొట్లలో పచ్చితోళ్లు నానబెట్టి వెంట్రుకలు గీకే పనివాడు. ఎన్ని నీళ్లు పోసుకున్నా ఆయన వేళ్ల సందుల్లోంచి ఆ వాసన పోయేది కాదు. ఆ వాసన దుప్పట్లకు పట్టేది, పుస్తకాలకు పట్టేది. బడిలో ఆమె కూర్చున్న బల్లమీద రెండోవాళ్లు కూర్చునేవారు కాదు. తండ్రి మీద ప్రాణం పెట్టుకున్న పిల్లే, ఆయన దగ్గరికి తీసుకున్నప్పుడు మాత్రం ఊపిరి బిగపట్టేది. అందుకు తనమీద తనకే అసహ్యం వేసేది. ముక్కు మాత్రం ఆమె మాట వినేది కాదు.

ఇరవై రెండేళ్లకు ప్రయోగశాలలో ఉద్యోగం దొరికినప్పుడు, ఆ తెల్లకోట్లూ గాజు సామానూ అద్దంలా మెరిసే నేలా చూసి, ఇక మురికితో తనకు తెగిపోయిందని సంబరపడింది. తీరా చేరాక తెలిసింది, తాను పడింది పెనంమీంచి పొయ్యిలోనని. అక్కడ పరీక్షించేది అణు విద్యుత్ కేంద్రంలోంచి వచ్చిన ఉక్కు. ఏళ్ల తరబడి రియాక్టర్ లోపల ఉండి, రేడియేషన్ పీల్చి పీల్చి వచ్చిన ముక్కలు. వాటికి రంగూ ఉండదు, కంపూ ఉండదు. బయటికి వచ్చేటప్పుడు చేతులకూ కాళ్లకూ మీటరు పెట్టి చూస్తారు. మురికి అంటి ఉంటే మీటరు టకటకలాడుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. మొదట్లో భయపడింది గానీ, ఏడాది తిరిగేసరికి ఆ మురికి ఆమెకు నచ్చింది. ఎక్కడుందో తెలుస్తుంది, ఎంతుందో తెలుస్తుంది, కడిగితే పోయిందో లేదో తెలుస్తుంది. ఇంతకంటే మర్యాదస్తురాలైన మురికి ఇంకెక్కడుంటుంది అనేది.

ఆమె పని గురించి కాస్త చెప్పాలి. రియాక్టర్ ఇంధనం చుట్టూ జానెడు మందాన ఉక్కు పాత్ర ఉంటుంది. అంత పాత్రను ఒకే ముక్కగా చేయలేరు కనుక పలకలను వంచి వెల్డింగుతో అతుకుతారు. వెల్డింగు తీగ తుప్పు పట్టకుండా పాత రోజుల్లో దానిమీద రాగి పూత పూసేవారు. తీగతోపాటు ఆ రాగీ కరిగి అతుకులో కలిసిపోయేది. ఇంకే పాత్రకైనా దానివల్ల నష్టం లేదు. కానీ ఏళ్లకేళ్లు రేడియేషన్ తగిలితే, ఉక్కులో చెదిరి ఉన్న రాగి నలుసులు నలుసులుగా ఒకచోటికి చేరి, అతుకును పెళుసుబారుస్తుంది. ఎప్పుడైనా ప్రమాదం ముంచుకొచ్చి వేడి పాత్రలోకి చన్నీళ్లు గుమ్మరించాల్సి వస్తే, ఆ పెళుసు అతుకు చిట్లినా చిట్లవచ్చు. అందుకే అదే అతుకునుంచి కోసిన వేలెడేసి ముక్కలు కొన్నింటిని రియాక్టర్ లోపలే వేలాడదీసి ఉంచుతారు. కొన్నేళ్లకొకసారి తీసి సుత్తి యంత్రంతో విరిచి, ఎంత పెళుసెక్కిందో చూస్తారు. విరిగిన ముక్కలో రాగి ఎంతుందో, నికెల్ ఎంతుందో తేల్చడం చుక్కమ్మ వంతు. పాత్ర ఇంకా ఎన్నేళ్లు పనికొస్తుందనే లెక్కంతా ఆ రాగి అంకె మీదే నిలబడుతుంది.

ఆమె సర్వీసు ముప్పై ఒకటో ఏట ఒక ముక్క వచ్చింది. సుత్తివాళ్లు అనుకున్నదానికంటే చాలా తేలిగ్గా విరిగింది. కాగితాల్లో రాగి నూరు రూపాయల్లో పంతొమ్మిది పైసల వంతు, అంటే నూటికి సున్నా దశాంశం ఒకటి తొమ్మిది అని ఉంది. ఆ రాగికి ఈ పెళుసుతనం పొసగలేదు. ఒకసారి కూర్పు కూడా చూసేయండి అని చీటీ రాసి పంపారు.

ముక్కను నేరుగా ముట్టుకోవడానికి లేదు. గజం మందం గోడ అవతల గదిలో ఉంటుంది. గోడకు ఇవతల నిలబడి, సీసం కలిపిన పసుపురంగు అద్దంలోంచి చూస్తూ, రెండు పిడులు పట్టుకుని ఆడిస్తే, అవతల రెండు ఇనుప కొండీలు ఆడతాయి. వాటిని ఆడించేవాణ్ని అందరూ పీత అంటారు. ఆ కొండీలతో అతను సూదిలో దారం ఎక్కించగలడు. పందెం వేసి ఎక్కించి చూపించాడు కూడా. చుక్కమ్మకంటే పదేళ్లు చిన్నవాడు. ఆమెను "అక్కా" అంటాడు, ఆమె "తమ్ముడూ" అంటుంది.

పీత ముక్క మధ్యలో సన్నటి బెజ్జం వేసి, చిటికెడు ఉక్కుపొడి తీసి పంపాడు. అంత కొంచెమే కాబట్టి సీసం ఇటుకల చాటున పెట్టుకుని చేతులతో పని చేసుకోవచ్చు. ఆమె దాన్ని ఆమ్లంలో కరిగించింది. నీళ్లు కలిపి పలచన చేసింది. ఆ నీటిని యంత్రం మంటలోకి తుంపరగా చల్లుతుంది. ఒక్కో లోహం మంటలో ఒక్కో రకం వెలుగునిస్తుంది. ఆ వెలుగును కొలిచి యంత్రం అంకె చెబుతుంది.

సున్నా దశాంశం మూడు మూడు.

చుక్కమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. ఉక్కు వేయకుండా ఉత్త ఆమ్లాన్ని అదే దారిన పంపింది. అందులో రాగి లేదు. కూర్పు ముందే తెలిసిన ఉక్కును పంపింది. ఎంత రావాలో అంతే వచ్చింది. పీతచేత ఇంకో బెజ్జం వేయించింది. ఈసారి సున్నా దశాంశం మూడు నాలుగు. మరొకటి. మూడు రెండు.

"ఏంటక్కా, నా కొండీలకి రాగి కడియాలేమన్నా తొడిగావా?" అన్నాడు పీత.

"నీ మొహం. పని చూడు," అంది గానీ ఆమెకు నవ్వు రాలేదు.

అంకెలు రాసుకుని పెద్దసారు గదికి వెళ్లింది. ఆ విభాగానికంతటికీ ఆయనే పెద్ద. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బల్లమీద పక్కపక్కన పనిచేసినవాళ్లు. ఆ రోజుల్లో ఆమె ఆయన్ని "అన్నయ్యా" అని పిలిచేది. ఆయనకు కుర్చీ వచ్చాక ఆ పిలుపు దానంతటదే "సార్" అయింది.

ఆయన బిస్కెట్టు టీలో ముంచుకుని తింటున్నాడు. అది తడిసి విరిగి కప్పులో పడింది. రెండు వేళ్లు పెట్టి ఆ ముద్దను తీసి నోట్లో వేసుకుని, వేళ్లు చప్పరించి, అదే చేత్తో ఆమె కాగితం అందుకున్నాడు.

"రాగి ఇంతెందుకుంటుందమ్మా? గొట్టాల్లో వచ్చే కుళాయి నీళ్లు వాడావేమో చూడు."

"ముప్పై ఏళ్లల్లో ఎప్పుడైనా గొట్టాల నీళ్లు వాడానా సార్?"

"అలా అని కాదు. ఎక్కడో అంటుకుని ఉంటుంది. మళ్లీ చెయ్యి. కొంపలేం మునిగిపోవట్లేదు కదా." కాగితం తిరిగి ఇచ్చాడు. దానిమీద టీ తడి వేలిముద్ర ఉంది.

మళ్లీ చేసింది. కొత్త గిన్నెలు, కొత్త ఆమ్లం, బెజ్జం వేసే మొన కూడా కొత్తది. అంకె కదల్లేదు. రెండో వారం పెద్దసారు ఇంకో మాట అన్నాడు: ఒకే ముక్కను పట్టుకు వేలాడితే ఎలా, దాని జత ముక్కను చూడు. జత ముక్క పొడి బల్లమీదకు వచ్చింది. చేసింది.

రెండు ఒకటి.

పెద్దసారు మొహం చేటంత అయింది. "చూశావా! నేను చెప్పలా? రెండూ కలిపి సగటు తీసి, పాత అంకె కూడా పక్కన చూపించి, తేడా ఉంది గానీ హద్దులోనే ఉందని రాసెయ్."

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. రాగి ఒక్కటే చూస్తే ఆ అంకె నమ్మేదే. కానీ యంత్రం నికెల్ కూడా చెప్పింది. అంతకుముందు వచ్చిన నికెల్‌లో ఇది సగానికి కాస్త ఎక్కువ. అతుకులో నికెల్ ఎక్కువ, పలకలో తక్కువ. ఈ పొడి నీళ్లు కలిపిన పాలలా ఉంది: కొంత అతుకు, కొంత పలక. ఆ వేలెడు ముక్కను అతుకుకు అడ్డంగా కోస్తారు. నడుమ అతుకు ఉంటుంది, రెండు కొసలా పలక ఉంటుంది. బెజ్జం నడుమ వేస్తే అతుకు పొడి వస్తుంది, అంచున వేస్తే రెండూ కలిసి వస్తాయి.

తిన్నగా పీత దగ్గరికి వెళ్లింది.

"తమ్ముడూ, ఆ జత ముక్క మీద పలచని ఆమ్లం అద్ది కెమెరాలో చూపించు."

పీత పిడులు వదిలేసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఎందుకక్కా ఇప్పుడు?"

"అద్దు."

ఇనుప కొండీ దూదిని ఆమ్లంలో ముంచి ముక్కకు రాసింది. నిమిషంలో ఉక్కు రెండు రంగులుగా విడిపోయింది. నడుమ నల్లగా అతుకు, రెండు వైపులా తెల్లగా పలక. బెజ్జం సరిగ్గా ఆ రెండింటి పొలిమేరలో ఉంది. సూదిలో దారం ఎక్కించే చెయ్యి అంత పెద్ద నడుమను తప్పిందంటే చిన్నపిల్లలు కూడా నమ్మరు.

పీత అద్దం వైపే చూస్తూ అన్నాడు: "అక్కడ వెయ్యమని సారే చెప్పారక్కా. పక్కన నిలబడి మరీ వేయించారు. నాకేం తెలుసు, నేను చేతులాడించేవాణ్ని."

"చేతులాడించేవాడివి. నీ చేతులు నీవి కావూ?"

"నా ఇల్లూ పిల్లలూ కూడా నావేగా అక్కా."

చిన్నప్పుడు కార్ఖానా వెనక కాలవ పొంగి సందులోకి వచ్చినప్పుడు కూడా ఆమెకు ఇంత వెలపరం పుట్టలేదు. ఆ కాలవ ఎవరినీ మోసం చేయలేదు. ఆమె చేతులు కడుక్కుంది. మురికేమీ అంటకపోయినా మోచేతులదాకా కడుక్కుంది.

ఇదంతా ఒక్క పెద్దసారు బద్ధకమో భయమో అయితే ఎందుకింత పట్టుదల అనిపించింది. ఆ పాత అంకె ఎక్కడిదో చూడాలనిపించింది. మర్నాడు పాత రికార్డుల గదికి వెళ్లి, ఇరవై ఆరేళ్ల కిందటి నోటుబుక్కు తీయించింది. అట్ట మీద చెదలు గీతలు గీశాయి. ఆఖరి పేజీలో అంకె ఉంది: ఒకటి తొమ్మిది. పరీక్ష చేసినవారు అని పెద్దసారు సంతకం. ఆ వయసులో ఆయన సంతకం గుండ్రంగా ముద్దుగా ఉండేది. దాని కింద, సరిచూసినవారు.

ఆ సంతకం తనది.

కాసేపు ఆమెకు అది తనదని తట్టలేదు. ఎవరో పరాయి మనిషి రాత చూస్తున్నట్టు చూసింది. తర్వాత పేజీ వెనక్కి తిప్పింది. ముందు పేజీలో మూడు అంకెలు: మూడు మూడు, మూడు అయిదు, ఒకటి తొమ్మిది. మొదటి రెంటి మీదా అడ్డగీత. పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు: "కల్తీ అయినట్టుంది."

అప్పుడు ఆ రోజు గుర్తొచ్చింది. ఆమె కడుపుతో ఉన్న నెలలవి. నిబంధన ప్రకారం లోపలి గదుల్లోకి రానివ్వకుండా కాగితాల పని ఇచ్చారు. ఆ ఆమ్లం వాసన ముక్కుకు తగిలితే చాలు, కడుపులో పేగులు నోట్లోకొచ్చేవి. ఆ సాయంత్రం పెద్దసారు, అప్పటికింకా అన్నయ్యే, లోపలి గది గుమ్మంలో నిలబడి నోటుబుక్కు ముందుకు చాపాడు. ఆమె నడవలోనే ఆగి, చేతిరుమాలు ముక్కుకు అదిమిపెట్టుకుంది.

"చూస్తావా?"

"నువ్వు చేశాక నేనేం చూస్తాను అన్నయ్యా," అంది రుమాలు లోంచి. సంతకం గీకి, పరుగులాంటి నడకతో వాకిట్లోకి పోయింది. పేజీ తిప్పలేదు. తిప్పి ఉంటే ఒక్క రెప్పపాటు పని.

రికార్డుల గదిలో కూర్చుని ఆమె ఆ సంతకం వైపు చాలాసేపు చూసింది. పీతను అన్న మాట గుర్తొచ్చింది. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. ఇరవై ఆరేళ్లుగా ఆ నలుపు కడుపున పెట్టుకుని, ఎదుటివాడి తడిచేతిని చూసి ఛీఛీ అంటూ తిరిగింది.

ఇంటికి వెళ్లి భర్తకు చెప్పింది. ఆయన కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. వసారాలో ఇద్దరూ అన్నానికి కూర్చున్నాక అంతా విన్నాడు.

"అంటే ఇప్పుడు ఆ పాత్ర పగులుతుందా?"

"రేపో ఎల్లుండో పగలదు. ఎప్పటికీ పగలకపోవచ్చు కూడా. కానీ పగలదని చెప్పడానికి ఆధారం మాత్రం అబద్ధం."

"మరి ఆయన్ని ఇరికించబోతే నువ్వూ ఇరుక్కుంటావ్. సంతకం నీది కూడా ఉందంటున్నావ్. ఇంకో నాలుగేళ్లలో ఎలాగూ దిగిపోతావు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"తొక్కేశానయ్యా. ఇరవై ఆరేళ్ల కిందటే తొక్కేశా. కడగాల్సింది మాత్రమే మిగిలింది."

ఆయన ముద్ద కలుపుకుంటూ, "దుకాణంలో ఒకసారి నంబరు తప్పు అద్దం ఇచ్చేశాను. తెలిసి కూడా చెప్పలేదు. ఆ మనిషి మళ్లీ రాలేదు. రాకపోతే బాగుండని అనుకున్నాను కూడా," అన్నాడు.

ఓదార్పుగానే చెప్పాడు పాపం. ఆమెకు మాత్రం ముందున్న కంచంలో అన్నం సున్నపు తొట్టిలో నానిన తోలులా కనిపించింది. చెయ్యి కడుక్కుని లేచింది. ఆయన మీద కాదు ఆ కోపం. ముప్పై ఏళ్లుగా తన పక్కనున్న మంచివాడు కూడా ఇలాంటి ముద్ద ఒకటి గొంతులో పెట్టుకుని నవ్వుతూ తిరిగాడు. అది ఇవాళే తెలిసింది. ఇంకా ఎంతమంది గొంతుల్లో ఎన్ని ముద్దలున్నాయో అనిపించింది.

మర్నాడు పెద్దసారు ముందు పాత నోటుబుక్కు పెట్టింది. ఆయన పేజీ తిప్పలేదు. తిప్పాల్సిన అవసరం ఆయనకు లేదు.

"అప్పటికే పాత్ర గోతిలో దించేశారమ్మా," అన్నాడు మెల్లగా. "చుట్టూ కాంక్రీటు కూడా పోశారు. నేను మూడు మూడు అని రాస్తే ఏమయ్యేది? మళ్లీ చెయ్యమనేవాళ్లు. మూడోసారి ఒకటి తొమ్మిది వచ్చింది. హద్దులో ఉంది. అదే సరైందేమో అనుకున్నాను."

"మూడోసారి ఎక్కణ్నుంచి తీశారు సార్? అంచునుంచా?"

ఆయన నోటుబుక్కును ఆమె వైపు జరిపాడు. మొన్న పీత పక్కన నిలబడి బెజ్జం ఎక్కడ వేయాలో వేలుపెట్టి చూపించిన మనిషికి ఆ కిటుకు కొత్తగా పుట్టింది కాదని ఆమెకు అర్థమైంది.

"నువ్వు కూడా సంతకం చేశావ్. అది మర్చిపోకు. నీ సంతకం లేకపోతే నా కాగితం చెల్లేదా?"

"చెల్లేది కాదు. అదే రాస్తున్నా."

"ఒకప్పుడు అన్నయ్యా అని పిలిచేదానివి."

"అలా పిలిచే కదా పేజీ తిప్పలేదు," అంది చుక్కమ్మ.

అక్కడ ఒక పసుపురంగు ఫారం ఉంటుంది. అంకెలకూ రికార్డులకూ పొసగనప్పుడు ఎవరైనా నింపవచ్చు; పైవాడి సంతకం అక్కర్లేదు; తిన్నగా భద్రత సంఘానికి పోతుంది. ముప్పై ఏళ్లలో దాన్ని నింపినవాళ్లు ఎవరూ లేక, ఆ దస్తా అరలో అంటుకుపోయి ఉంది. పై కాగితం చింపితే రెండోదీ సగం వచ్చింది. ఆమె పెద్ద మాటలేమీ రాయలేదు. వచ్చిన అంకెలన్నీ, అంచున వేసిన బెజ్జంతో సహా, వరసగా రాసింది. పాత నోటుబుక్కులో మూడు అంకెలున్నాయనీ, రెండు కొట్టేశారనీ రాసింది. కింద ఇలా రాసింది: "సరిచూసినట్టు నేను చేసిన సంతకం నిజం కాదు. నేను చూడలేదు."

రెండు వారాలకు ఇద్దరు తనిఖీ అధికారులు వచ్చారు. అందులో పెద్దావిడ సన్నగా, ఎండు పుల్లలా ఉంది. గొంతు మాత్రం చాలా మెత్తన. పీతను పిలిచి అడిగింది. పీత ముందు గుర్తులేదన్నాడు; కెమెరా బొమ్మ చూపించాక గుర్తొచ్చిందన్నాడు. తర్వాత చుక్కమ్మను కూర్చోబెట్టింది.

"మీరు ఆ రోజు పేజీ ఎందుకు తిప్పలేదు?"

"ఆమ్లం వాసనకు వికారంగా ఉండేదమ్మా. కడుపుతో ఉన్నాను."

"ఎవరైనా బలవంతం చేశారా? బెదిరించారా?"

"లేదు."

"అయితే వాసన. అంతేనా?"

"అంతే."

పెద్దావిడ రాసుకుంది. అంతే అన్న ఆ చిన్న మాట గదిలో అలాగే ఉండిపోయినట్టనిపించింది చుక్కమ్మకు. లంచమో, బెదిరింపో, ప్రాణభయమో అయితే చెప్పుకోవడానికి ఒక ఆకారమైనా ఉండేది. ముక్కు మూసుకుని పోవాలన్న తొందర తప్ప అందులో ఇంకేమీ లేదు.

ముక్కలను వేరే ఊరి ప్రయోగశాలకు పంపారు. అక్కడివాళ్లకు కూడా మూడు మూడే వచ్చింది. తర్వాత జరిగినదాన్ని పేపర్లవాళ్లు ఎవరూ రాయలేదు, రాయాల్సినంత విడ్డూరమూ లేదు. రియాక్టర్‌ను కొన్నాళ్లు ఆపారు. అత్యవసరంలో వదిలే నీళ్లను చల్లగా కాకుండా గోరువెచ్చగా ఉంచాలని నియమం పెట్టారు. పాత్రను ఇదివరకటికంటే నిదానంగా వేడిచేసి, నిదానంగా చల్లార్చాలన్నారు. దాని ఆయుష్షులో తొమ్మిదేళ్లు కొట్టేశారు. ఏదీ పగల్లేదు, ఎవరికీ ఏమీ కాలేదు.

పెద్దసారును ముందే విశ్రాంతికి పంపించారు. శిక్ష అనలేదు, ఆరోగ్య కారణాలన్నారు. చివరి రోజున హాల్లో కుర్చీలు వేసి, పూలగుత్తి ఇచ్చి, మచ్చలేని సేవ అని ఒక పెద్దమనిషి పావుగంట మాట్లాడాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో పీత ముందున్నాడు. ఫొటోకు అందరినీ రమ్మన్నారు. చుక్కమ్మ చివర నిలబడింది. ఫొటో అయ్యాక పెద్దసారు తిన్నగా ఆమె దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చెయ్యి చెమటతో మెత్తగా ఉంది.

"ఏమీ అనుకోకమ్మా. నువ్వు చేసింది మంచి పనే," అన్నాడు.

తిట్టినా బాగుండేది. మొహం తిప్పుకున్నా బాగుండేది. ఆ మాటతో ఆయన తన వంతు మురికిని కూడా నిమిషంలో కడిగేసుకుని, పూలగుత్తి ఊపుకుంటూ కారెక్కి వెళ్లిపోయాడు. ఆమె ఆ రోజంతా ఆ చేత్తో ఏమీ ముట్టుకోలేదు.

ఆమెకు పడింది కూడా చిన్న శిక్షే: ఏడాదిపాటు ఏ కాగితం మీదా సంతకం చేయరాదు. ఆ ఏడాదికి పని కావాలి కదా అని, తనిఖీ పెద్దావిడ ఒక పని చెప్పింది. పెద్దసారు పరీక్ష చేసి, చుక్కమ్మ సరిచూసిన పాత కాగితాలు నలభై ఒకటి ఉన్నాయి. వాటి నోటుబుక్కులన్నీ తీసి మొదటి పేజీనుంచి మళ్లీ చూడాలి. మిగిలి ఉన్న పాత ముక్కలుంటే మళ్లీ పరీక్షించాలి.

రికార్డుల గదిలో ఒక బల్ల వేయించుకుంది. పీత ఆ గుమ్మం ముందునుంచి పోతున్నప్పుడు మాట్లాడేవాడు కాదు. "అక్కా" అన్న పిలుపు పోయి "మేడమ్" వచ్చింది. పాత కాగితాల ధూళికి ఆమెకు తుమ్ములు పట్టుకున్నాయి. చెదలు తిన్న అట్టల మధ్య ఎండిన పురుగుల రెక్కలు రాలేవి. ఎవరో పాతికేళ్ల కిందట వేలు నాలుకకు రాసుకుని తిప్పిన మరకలు మూలమూలనా ఉన్నాయి. ఆమె తొడుగులు వేసుకోలేదు. ప్రతి పేజీ వేలితోనే తిప్పింది.

నలభై ఒకటిలో ఒకటి ఎలాగూ తెలిసిందే. ఇంకోదానిలో ఒక అంకె కొట్టేసి ఉంది. ఆ ముక్క వెతికించి చేయిస్తే, కొట్టేసిన అంకే నిజమైంది. అదృష్టవశాత్తూ అది ఎప్పుడో తీసిపారేసిన గొట్టం అతుకు. మిగతా ముప్పై తొమ్మిదీ శుభ్రంగా ఉన్నాయి. ఒక్కో అంకెనూ ఆయన మూడుసార్లు, నాలుగుసార్లు చేశాడు. ఒకచోట తనకు తేడా అనిపించి వారం పని పారేసి మొదటినుంచి మొదలుపెట్టాడు. గుండ్రటి రాతలో "నాదే తప్పు" అని మార్జిన్‌లో రాసుకున్నాడు కూడా. అంత మంచి పని ఆమె ఎక్కడా చూడలేదు.

ఆమెను అన్నిటికంటే ఎక్కువగా రోతపెట్టింది అదే. దొంగ పనే అలవాటైన మనిషి అయితే అసహ్యించుకుని ఊరుకోవచ్చు. ఈయన చేయగలిగినవాడు, చేసినవాడు. రెండు రోజులు మాత్రం చేయలేదు. ఆ రెండు రోజులూ పక్కన తాను ఉంది.

ఏడాది నిండాక కొత్త సారు ఆమెను పిలిచి, ఇక సంతకం చేయవచ్చునని కాగితం ఇచ్చాడు. ముందు ఒక రిపోర్టు ఉంది, అర్జెంటు అన్నాడు, కింద గీత మీద వేలు పెట్టి చూపించాడు.

"నోటుబుక్కేది సార్?"

"లోపలుందమ్మా. అంతా సరిగానే ఉంది, వాళ్లు చూశారు."

"తెప్పించండి," అంది చుక్కమ్మ. కుర్చీ లాక్కుని కూర్చుంది.